మద్దిలేటి రాయి

సోమవారం. పడమటి గాలి, ఓ మోస్తరు.

సందకాడికి రాళ్ల బోను ముప్పాతిక ఎత్తుకు లేచింది. తాడుకు కందెన పూసినాను. దించేటప్పుడు బ్రేకు చెక్కలు వేడెక్కినాయి, పొగ రాలేదు. నీళ్ల తొట్లు నిండినాయి. పిండిమర కూడా కాసేపు ఆడింది.

ఇన్నాళ్లూ ఈ పద్దు మా ఆయన రాసేవాడు. ఇకమీద నన్ను రాయమని తిమ్మక్క చెప్పింది. తిమ్మక్క బోనింటికి పెద్ద. "గాలి ఎంత, బోను ఎంత, బ్రేకు ఎట్లుంది, అంతే. ఆపైన ఏం రాసుకుంటావో నీ ఇష్టం" అనింది. రాసేవాళ్ల పేరు పెట్టాలంట. సుంకులమ్మ. ముందు రాసేవాళ్ల పేరు, ఇప్పుడెందుకు రాయడం లేదో కూడా పెట్టాలంట. మద్దిలేటి. గని అడుగు సొరంగంలో ఒండ్రు తియ్యబోయినాడు. పైకప్పు కూలింది. తవ్వితే ఇంకా కూలుతుందని తవ్వలేదు. ఆడనే ఉండాడు. పంపుకు ఏం కాలేదు. పోన్లే, అదొక్కటి మేలు అన్నారు అందరూ, అని నన్ను చూసి ఊరుకున్నారు.

ఆయన పేరు నోటితో ఎప్పుడూ పలికింది లేదు. ఇప్పుడు రాస్తే ఏమీ కాలేదు.

ఇంటికి పోయి సంగటి కెలికినాను. అత్త లింగమ్మ తినలేదు. కొడుకు రాయి బోనులో పడేదాకా ముద్ద ముట్టనని పంతం పట్టింది, అంబలి తాగి బతుకుతాంది. నేను రెండు ముద్దలు తిన్నాను. ఆకలైంది, తిన్నాను. ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో గానీ, కడుపు అవన్నీ చూస్తాదా.

బుధవారం. గాలి బాగుంది.

బోను పూర్తి ఎత్తు. చెక్కల కాడ కాలిన వాసన.

బడిపిల్లలు బోనిల్లు చూసేదానికి వచ్చినారు. పాత బంగారు గని నోట్లోకి తొంగి చూసి, కింద చీకటికి జడిసి, అందరూ నా కొంగు పట్టుకున్నారు. రాళ్లు నీళ్లెట్ల తోడతాయని ఒక పిల్ల అడిగింది. ఇది చెప్పడం ఆయన పని. ఆయన చెప్పినట్టే చెప్పినాను. పొద్దంతా గాలి రెక్కలు తిరిగి రాళ్ల బోనును పైకి లాగుతాయి. సందకాడ మేం వదుల్తాం. అది కిందికి పోతా పోతా డ్రమ్మును తిప్పుతుంది, డ్రమ్ము పంపును తిప్పుతుంది. పొద్దంతా గాలి దాచిపెట్టింది, సందకాడ మనం తీసుకుంటాం.

"ఒకేసారి వదిలేస్తే?" అనింది ఆ పిల్ల.

"వదిలేస్తే ఒకేసారి పోతుంది. డ్రమ్ము పగుల్తుంది, పంపు చితికిపోతుంది. నీళ్లు చుక్క రావు. అందుకే ఈ బ్రేకు."

బ్రేకంటే ఒక పొడుగు ఇనుప కమ్మీ. దాన్ని కిందికి నొక్కితే రెండు తుమ్మచెక్కలు డ్రమ్మును కరుచుకుంటాయి. మేమిద్దరం పక్కపక్కన నిలబడి నొక్కేవాళ్లం. బరువుకు తొందరెక్కువ, మనకుండకూడదు అని ఆయన రోజూ ఒకసారన్నా అనేవాడు. విని విని నాకు విసుగొచ్చేది. కమ్మీ చివర ఒక కొక్కెం ఉంది. ఆడ సద్దిగిన్నె తగిలించుకునేవాడు, ఆ గిన్నె బరువు కూడా బ్రేకుకు సాయమేనని నవ్వేవాడు.

పిల్లలు బోనులో వాళ్ల వాళ్ల రాళ్లు వెతుక్కున్నారు. మా ఊర్లో మనిషి చచ్చిపోతే కాటికి పొయ్యేముందు తూస్తారు. అంతే బరువు రాయి కొట్టించి, పేరు చెక్కించి, బోనులో పెడతారు. రాయి మొదటిసారి దిగే సందకాడ ఇంటివాళ్లు గని నోటికాడ నిలబడి పిలుస్తారు, పంపులో వచ్చిన మొదటి కడవ వాళ్లే తాగుతారు. అప్పుడు గానీ ఆ మనిషి ఊరికి నీళ్లు పోసేవాళ్లలో కలిసినట్టు కాదు. "మా అవ్వ ఇదిగో" అని ఒకడు రాయిని తట్టినాడు. "మరి మద్దిలేటి మామ ఏడి?" అని ఇంకొకడు అడిగినాడు. అయ్యవారు వాని నెత్తిన ఒకటి మొట్టినాడు.

ఆయన్ను తూచలేదు. తూచేదానికి మనిషి దొరకలేదు గదా. ఆయన మీద ఇప్పుడు ఎన్ని రాళ్లుండాయో. ఇంకొక రాయి కావాలంట.

శుక్రవారం. గాలి మందం.

బోను సగం. ఒక్కదాన్నే దించినాను. చేతులు నొప్పి.

మరిది ఓబులేసు రాయి తెచ్చినాడు. ఊర్లో పోయినవాళ్లందరి రాళ్లూ కొట్టేది వాడే. అన్న రాయికి తూకం లేదు గదా, తల్లిని అడిగినాడంట. అత్తేమో మంచం ఎంత కుంగేదో, చిన్నప్పుడు చంకనెత్తుకుంటే నడుము ఎట్ల లాగేదో చెప్పిందంట. ఇద్దరు మనుషులు మోసుకొస్తే తప్ప రాలేదు ఆ రాయి.

"ఇంత ఉండడు" అన్నాను.

"ఉంటాడు వదినా. మా అన్న గట్టిమనిషి."

"గట్టిమనిషే. అయినా ఇంత ఉండడు. పోయిన వేసవిలో చొక్కాలన్నీ వదులైనాయి."

"నీకంటే నాకు తెలుసు మే," అనింది అత్త. "కన్నదాన్ని."

నాకు తెలియదు. పదారేండ్లు పక్కన నిలబడి ఒకే కమ్మీ నొక్కినాం. ఆయన ఎంత బరువో నన్నడిగితే చెప్పలేకపోయినాను. కొట్లాడే ఓపిక కూడా లేదు. రాయిని బోనింటి వాకిట్లో పెట్టినారు. అత్త దానికి పసుపు పూసి బొట్టు పెట్టింది. పైన ఇనుప కడియం బిగించినాడు ఓబులేసు, బోనులోకి ఎత్తేటప్పుడు పట్టుకునేదానికి. సోమవారం మంచిరోజని చెప్పుకున్నారు.

ఆదివారం. గాలి చానా ఎక్కువ.

బోను పూర్తి ఎత్తు. బ్రేకు జారింది.

ఒక్కదానివల్ల కాదని తిమ్మక్క ఓబులేసును నాకు తోడు పంపింది. ఇద్దరం కమ్మీ మీద వాలినాం. సగం దిగేదాకా బాగానే ఉంది. ఆపైన చెక్కల్లోంచి పొగ లేచింది, బోను నాలుగైదు నిలువులు ఒక్క గుక్కలో జారిపోయింది. కడుపు ఆనించి కమ్మీ మీద పడుకున్నాం. పట్టింది. దిగడం అయిపోయినాక చూస్తే చెక్కలు నల్లగా మాడి, అద్దం మాదిరి నున్నగైనాయి.

నేను నా చేతులనే తిట్టుకుంటాన్నాను. ఓబులేసు గోడకానుకొని నిలబడినాడు.

"నీ చేతులది కాదు వదినా తప్పు. బోనే బరువెక్కింది."

"బోనెట్ల బరువెక్కుతుంది? రాళ్లన్నీ తూచి పెట్టినవే గదా."

"తూచేది మనిషిని. రాయి కొట్టేది నేను." తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "రాయి కావాలని వచ్చినోళ్లెవరూ సమానంగా కొట్టమని అడగలేదు. కొంచెం మొగ్గుగా కొట్టు ఓబులేసూ, మా నాయన ఇంతేనా అంటారు జనం, అంటారు. ఏడుస్తా అడుగుతారు. ఎట్ల కాదంటాను? మా నాయనకు నేనూ వేసుకున్నా."

"ఎంత మొగ్గు?"

"ఒకరికి గుప్పెడు. ఒకరికి గంపెడు."

"ఊరందరికీనా?"

"అందరికీ."

సంతలో ఉల్లిగడ్డలు తూచేవాడు తక్కెడ మొగ్గితే మనం మంచోడంటాం. అదే ఇది. ప్రతి ఇల్లూ తన మనిషికి కొంచెం ఎక్కువిచ్చుకుంది, ఆ కొంచెమంతా ఈ ఒక్క తాడుకు వేలాడుతాంది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎవరో పొరుగూరి సంగతి చెప్తాంటే విన్నట్టు విన్నాను.

"వాకిట్లో ఉన్నదానికి?" అని అడిగినాను.

ఓబులేసు నేల చూసినాడు. "అన్నకు వెయ్యకుంటే ఎట్ల వదినా" అన్నాడు.

సోమవారం. గాలి మామూలు.

బోను సగం. అంతకుమించి ఎక్కనియ్యలేదు.

అత్త పొద్దున్నే తలకు పోసుకొని వచ్చింది. కొత్త కడవ తెచ్చుకుంది. వాడకట్టు ఆడోళ్లందరూ వచ్చినారు. నేను ముందే తిమ్మక్కకు అంతా చెప్పి ఉంటిని. ఆమె తాడు మొత్తం వేలితో తడుముతా వచ్చి ఒక చోట ఆగింది. ఆడ ఒక పేట సాగి సన్నబడింది. అది నాకూ తెలుసు.

"బ్రేకు నీది సుంకులమ్మా," అనింది అందరి ముందర. "ఇంకొక రాయి పడుతుందా లేదా, నువ్వే చెప్పు."

అత్త నా మొహంలోకి చూస్తాంది. అంబలి మీద ఉండి ఉండి దవడలు లోపలికి పోయినాయి. పడుతుందని చెప్తే ఏం పోతుంది, ఒక్క రాయి, అని ఒక్క నిమిషం అనుకున్నాను. తాడు ఆ ఒక్క నిమిషం ఆలోచించదు గదా.

"పట్టదు," అన్నాను.

అత్త అరవలేదు. "ఊరందరి మొగ్గూ మోస్తారు. నా కొడుకొక్కడే బరువైనాడా?" అనింది.

తిమ్మక్క జనం వైపు తిరిగి, మొగ్గు మటుకు చెక్కి తీసేద్దాం, అప్పుడు మద్దిలేటికీ చోటు దొరుకుతుంది, తాడూ నిలుస్తుంది అనింది. ఎవరూ కాదనలేదు. ముందు వాళ్లది తియ్యండి అని ఒకరు, వాళ్లదే పెద్దదని ఇంకొకరు. "మా అమ్మకు ఉలి పెడతారా?" అని ఒకామె ఏడ్చింది. ఆమెను చూసి ఇంకో నలుగురు ఏడ్చినారు. వంట వేళయిందని ఒక్కొక్కరే జారుకున్నారు.

అత్త కడవను బోర్లించి రాయి పక్కనే కూర్చుంది. నేను చెక్కలు గీకి గరుకు చేసినాను. ఇంటికి పోదాం పా అత్తా అంటే లేవలేదు. నేనొక్కదాన్నే పోయినాను, సంగటి చేసినాను, తిన్నాను.

బుధవారం. గాలి మామూలు.

బోను సగం. తొట్లు సగం కూడా లేవు.

మూడు పొద్దులుగా సగం ఎత్తు నుంచే దించుతున్నాం. సగం ఎత్తుకు సగం నీళ్లే. కొత్త చెక్కలు కోసినారు గానీ పచ్చిమాను, ఆరాలి. తొట్టికాడ బిందెల వరస మలుపుదాకా పోయింది. నన్ను చూసి మాటలాపుతారు, దాటినాక మొదలుపెడతారు. సొంత మొగుడికి చోటు లేదన్న కచ్చతో ఊరి నీళ్లు కట్టేసిందంట. కచ్చ ఉన్నా బాగుండు. నాలో ఏమీ లేదు. ఎత్తున ఆగిపోయిన బోను ఉంటుందే, అట్లుంది. కదల్దు, శబ్దం చెయ్యదు.

అత్త రాయి కాడనే ఉంటాంది. గాలికి దుమ్ము పడుతుందని ఆయన తుండుగుడ్డ దానికి కప్పింది. నేను పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఆ రాయిని దాటుకొని పోతాను. తుండుగుడ్డకు ఆయన బీడీ వాసన. ముక్కుకు తెలిసింది, అంతే.

గురువారం. పెనుగాలి.

మధ్యాహ్నానికే బోను నెత్తికెక్కి కూర్చుంది. రెక్కలను ఆపే గొలుసు గాలికి తెగి, ఆపలేకపోయినాం. తొట్లలో నీళ్లు అయిపోయినాయి. ఆసుపత్రిలో తడిపేదానికి గుడ్డముక్కకు కూడా నీళ్లు లేవని కబురొచ్చింది. దించాల్సిందేననింది తిమ్మక్క. నేనూ అదే అన్నాను.

ఓబులేసు, నేను కమ్మీ పట్టుకున్నాం. తిమ్మక్క పళ్లచక్రం కాడ బోనును పట్టి ఉంచే అడ్డకొయ్య ఎత్తింది. అడ్డకొయ్య ఒకసారి ఎత్తినాక బోను కదుల్తా ఉంటే మళ్లీ పెట్టలేం, ఆపైన బ్రేకే దిక్కు. మొదట మెల్లిగానే దిగింది. పంపు గుక్కలు వేసింది. తొట్టికాడ జనం నీళ్లొచ్చినాయని అనుకోవడం వినపడింది.

తర్వాత పొగ. గీకి గరుకు చేసిన చెక్కలు మళ్లీ అద్దమైనాయి. డ్రమ్ము గొంతు మారింది. కమ్మీ మీద ఇద్దరి బరువూ ఉంది, అయినా బోను మా మాట వినడం లేదు. తాడు వేగం పెరిగేది కంటికి తెలుస్తాంది. తిమ్మక్క కూడా వచ్చి నా వీపు మీదనే పడింది. నొక్కేచోట ముగ్గురికి జాగా లేదు, ఆమె బరువు సగం గాల్లోనే పోతాంది. కమ్మీ చివరకు పోతే తక్కువ బరువు కూడా ఎక్కువ పని చేస్తుంది. ఆ చివర ఆయన సద్దిగిన్నె కొక్కెం కనబడింది.

"మీరిద్దరూ పట్టుకోండి," అని వాకిట్లోకి పరిగెత్తినాను.

అత్త ఆడనే ఉంది, రాయికి ఆనుకొని.

"అత్తా, ఆయన్ను ఇటియ్యి."

"యాడికి?"

"బ్రేకు కాడికి. జారిపోతాంది."

ఆమె లోపలికి చూసింది. పొగను చూసింది, కమ్మీ మీద వేలాడుతాన్న రెండో కొడుకును చూసింది. బోనులోకి పోవాల్సిన రాయి, బోనును ఆపేదానికి పోతాందని ఆమెకు అర్థమైంది. తుండుగుడ్డ తీసి భుజాన వేసుకుంది.

"ఎత్తు మే," అనింది.

ఇద్దరం కడియం పట్టుకొని ఈడ్చినాం. గచ్చు మీద గీత పడింది. కమ్మీ నొక్కి ఉంది గనుక కొక్కెం మోకాలి ఎత్తులోనే ఉంది, జానెడు ఎత్తితే చాలు. ఆ జానెడు ఎత్తేదానికి నా ప్రాణం కండ్లల్లోకి వచ్చింది. అన్నం తినని ముసలిది, ఎట్ల ఎత్తిందో నాకు తెలియదు. కడియం కొక్కేనికి పడింది. మేం చేతులు వదిలినాం.

కమ్మీ ఇంకొక అంగుళం దిగింది. చెక్కలు కీచుమన్నాయి. తాడు వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, మామూలు నడకకు వచ్చింది. పంపు మళ్లీ గుక్కలు వేసింది. ఓబులేసు కమ్మీ మీదనే తల పెట్టుకొని ఎక్కిళ్లు పెట్టినాడు.

అత్త గని నోటికాడికి పోయి నిలబడింది. పోయినవాళ్లను పిలిచే చోటది. "నీళ్లు తేరా నాయనా, మద్దిలేటీ," అని పిలిచింది. పిలిచినాక నా వైపు తిరిగి, కింద లేడు గదా వాడు, ఈడనే ఉండాడు గదా అనింది. అవునన్నాను. కొత్త కడవ తెచ్చి పంపు కింద నేనే పట్టినాను. ఆమె తాగి నాకిచ్చింది. నీళ్లు చల్లగా ఉండాయి. ఇంటికి పోయి సంగటి చేస్తే ఇద్దరం తిన్నాం.

శనివారం. గాలి సన్నం.

బోను సగం. చెక్కలు మళ్లీ గీకినాక బ్రేకు పట్టింది. పొగ లేదు.

రెండు ఇండ్లవాళ్లు ఎవరూ చూడకుండా వచ్చి, మా రాయికి మొగ్గు తీసెయ్ ఓబులేసూ అని చెప్పి పోయినారు. ఆ ఏడ్చినామె కూడా వచ్చింది. మిగతావాళ్లు రాలేదు. వస్తారేమో. కొత్త చెక్కలు ఆరుతున్నాయి, కొత్త తాడుకు నార నానబెట్టినారు.

ఆ రాయి కొక్కేనికే ఉండనియ్యమనింది తిమ్మక్క. దాంతో నా పని తిరగబడింది. ఇన్నేండ్లూ ఆపేదానికి కమ్మీని కిందికి నొక్కేదాన్ని. ఇప్పుడు అది తనంతట తానే ఆపి ఉంటుంది. బోను దిగాలంటే నేను కమ్మీని పైకెత్తాలి. ఈ పొద్దు సందకాడ భుజం పెట్టి ఎత్తినాను. రాయి లేచింది. దాని బరువంతా కమ్మీలో నుంచి నా భుజంలోకి వచ్చింది. ఆయన ఎంత ఉండేవాడో అప్పుడు తెలిసింది.

ఏడుపు వచ్చింది. ఇన్నాళ్లదంతా వచ్చింది. భుజం తియ్యలేదు, తీస్తే బోను ఆగిపోతుంది, కింద బిందెలు పెట్టుకొని జనం ఉండారు. ఎత్తి పట్టుకొనే ఏడ్చినాను. బోను మెల్లిగా దిగింది.

ఓబులేసు పక్కనే నిలబడి ఉండినాడు. నీళ్లు ఆగినాక ఉలి తీసినాడు.

"నువ్వన్నదే నిజం వదినా. అన్న ఇంత ఉండడు. మొగ్గు చెక్కేస్తా, నీ భుజానికి తేలికవుతుంది."

చెక్కలు చల్లారినాయా అని చెయ్యి పెట్టి చూసినాను. ఇంకా వెచ్చగా ఉండాయి.

"ఉండనీ," అన్నాను. "ఆ మాత్రం ఉండనీ."